1982 నాటి డార్క్‌వేవ్ రికార్డు: ఒరిజినల్‌కి 21 వేలు పెట్టాలా, రీఇష్యూ చాలా?

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మూడేళ్ళుగా ఫోన్లో డార్క్‌వేవ్, మినిమల్ సింథ్, సింథ్‌వేవ్ వింటున్నా. ఇప్పుడు రికార్డులు కొనాలని ఉంది. చేతిలో 30 వేలున్నాయి. నాకు నచ్చిన 1982 రికార్డు ఒరిజినల్ 21 వేలు చెబుతున్నారు, రీఇష్యూ అయితే షిప్పింగుతో కలిపి నాలుగున్నర వేలు. ఒరిజినల్లోనే అసలు సౌండ్ ఉంటుందంటున్నారు, నిజమేనా? రంగు రికార్డులు కొనొచ్చా? మన ఎండలకు ఇవి ఆగుతాయా? ప్రస్తుతానికి సూట్‌కేస్ ప్లేయర్ ఒకటి ఉంది."

(కొత్తవాళ్ళకి ఒక ముక్క: సింథ్ అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం. తమ్ముడు చెప్పిన మూడూ దాని మీద నడిచే సంగీతాలే. రీఇష్యూ అంటే పాత రికార్డుని మళ్ళీ కొత్తగా అచ్చేయడం.) సూటిగా చెబుతా. అధికారికంగా వచ్చిన రీఇష్యూ కొను. వీలైతే నల్లది కొను. ఎండాకాలంలో మాత్రం తెప్పించుకోవద్దు. ఒరిజినల్ మీద 21 వేలు పోయొద్దు. ఆ 30 వేలలో సగానికి పైగా ముందు ప్లేయర్ మీద పెట్టు, మిగిలిన దాంతో మూడు రికార్డులు కొనుక్కో. ఎందుకలా అంటున్నానో ఇప్పుడు చెబుతా, కొంచెం ఓపిగ్గా చదువు.

నేను తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఆంప్లిఫయర్లు, టర్న్‌టేబుళ్ళు బాగుచేస్తాను. నా దగ్గరికొచ్చే పాత రికార్డుల్లో నూటికి ఎనభై ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతమే. ఆ ఎల్పీ 1963లో వచ్చింది. మా ఊళ్ళో అది లేని పాత ఇల్లు దొరకడం కష్టం. వెలుతురులో పట్టి చూస్తే మొదటి అరంగుళం గాడులు బూడిద రంగులో కనిపిస్తాయి, మిగతాదంతా నల్లగా మెరుస్తుంటుంది. రోజూ పొద్దున్నే ముల్లు పెట్టడం, కాఫీ అయ్యేలోపు తీసేయడం! పన్నెండేళ్ళ కిందట ఒక కస్టమర్ కొడుకు జర్మనీ నుంచి తెచ్చిన కోల్డ్‌వేవ్ (డార్క్‌వేవ్‌కి చుట్టం లాంటి సంగీతం) రికార్డు ప్లేయర్ టెస్టు చేయడానికి ఇచ్చాడు. అక్కడ పట్టుకుంది నాకీ పిచ్చి. ఇప్పుడు నా దగ్గర రెండు వందల పైచిలుకు ఉన్నాయి. చెడగొట్టుకున్నవి వేరే లెక్క.

ఇప్పుడు ఒరిజినల్ సంగతి. సినిమా పాటల రికార్డుల్లో ఒరిజినల్‌కి విలువ ఉందంటే అర్థముంది. పెద్ద స్టూడియోలో రికార్డు చేసి, కంపెనీ ఇంజనీరు కొత్త టేపు నుంచి కట్ చేశాడు, అంటే గాడులు చెక్కాడు కాబట్టి. ఈ సంగీతం పుట్టిన తీరే వేరు. 1978లో లండన్‌లో డేనియల్ మిల్లర్ ఒక కోర్గ్ సింథ్‌తో ఇంట్లోనే రెండు పాటలు రికార్డు చేసి, సొంత డబ్బుతో ఏడంగుళాల రికార్డు వేశాడు. మ్యూట్ అనే లేబుల్, అంటే రికార్డు కంపెనీ, అలా మొదలైంది. ఆ తర్వాత యూరప్ అంతటా, అమెరికాలో కుర్రాళ్ళు అదే బాట పట్టారు. పడగ్గదిలో ఒక సింథ్, ఒక డ్రమ్ మెషీన్, నాలుగు ట్రాకుల టేప్ మెషీన్. డబ్బుంటే మూడు వందల రికార్డులు, లేకపోతే క్యాసెట్టుకి కాపీలు తీసి పోస్టులో పంపడం. అప్పటి ప్రెస్సింగ్ ప్లాంటుకు (రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీకి) వీళ్ళు చిల్లర కస్టమర్లు. కటింగ్ మీద ఎవరూ శ్రద్ధ పెట్టలేదు. కాబట్టి నువ్వు 21 వేలు పెడుతున్నది ఎక్కువ భాగం దొరకనితనానికే, సౌండ్‌కి కాదు.

ఇంకో మాట చెబితే నమ్మవేమో, కొన్నిటికి ఒరిజినల్ రికార్డు అంటూ లేనే లేదు. ఓపెన్‌హైమర్ అనాలిసిస్ అని లండన్ ద్వయం ఉంది. 1982లో వాళ్ళు పాటల్ని సొంతంగా క్యాసెట్టుగానే వేసుకున్నారు. 2005లో న్యూయార్క్‌లో వెరోనికా వసిచ్కా మినిమల్ వేవ్ లేబుల్ పెట్టినప్పుడు ఆ లేబుల్ తొలి రికార్డు వీళ్ళదే. అంటే ఇరవై మూడేళ్ళ తర్వాత వచ్చిందే దానికి మొదటి రికార్డు. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జోష్ చియాన్ మొదలుపెట్టిన డార్క్ ఎంట్రీస్‌ది కూడా ఇదే దారి. పాత కళాకారుల్ని వెతికి పట్టుకోవడం, ఒప్పందం రాసుకోవడం, అటక మీది టేపులు దించి కొత్తగా మాస్టరింగ్ (అచ్చుకి ముందు సౌండ్ సరిచేసే పని) చేయించడం. ఇలాంటి రీఇష్యూని ఒరిజినల్‌కి జిరాక్స్ కాపీ అనుకోవద్దు. చాలాసార్లు ఆ పాటలు సరిగ్గా వినబడింది ఇందులోనే.

అయితే రీఇష్యూలన్నీ ఒకటే కాదు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది దేని నుంచి కట్ చేశారు? ఒరిజినల్ టేపు నుంచా, మిగిలిన క్యాసెట్టు కాపీ నుంచా, లేక పాత రికార్డునే ప్లే చేసి రికార్డు చేసుకున్నారా? మంచి లేబుళ్ళు వెనక అట్ట మీదో, అమ్మకం పేజీలోనో ఈ సంగతి రాస్తాయి. మాస్టరింగ్ ఎవరు చేశారో పేరుతో సహా ఉంటుంది. డెబ్బైల చివర, ఎనభైల్లో వచ్చిన టేపుల్లో కొన్నిటి జిగురు గాల్లో తేమ పీల్చుకుని మెత్తబడిపోతుంది, వానాకాలం డబ్బా మూత తీసిపెట్టిన అప్పడంలాగా. అలాగే ప్లే చేస్తే టేపు మీది పూత మెషీన్‌కి అంటుకుని ఊడొస్తుంది. అందుకని యాభై అయిదు డిగ్రీల చుట్టుపక్కల గంటల తరబడి సన్నగా వేడి చేసి, ఆరాక ఒక్కసారి ప్లే చేసి డిజిటల్లోకి ఎక్కిస్తారు. ఇంత పని చేసిన లేబుల్ ఆ సంగతి చెప్పుకోకుండా ఉండదు. ఏమీ చెప్పని చోట అనుమానించు.

నేను మోసపోయిన కథ ఒకటి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఫ్రెంచ్ కోల్డ్‌వేవ్ రికార్డు రెండున్నర వేలకే దొరికింది. అట్ట ముద్దుగా ఉంది, సీల్ కూడా ఉంది. ముల్లు పెట్టగానే చిటపటలు. సరే దుమ్మేమోనని కడిగాను. మళ్ళీ పెట్టాను. అవే చిటపటలు, అదే చోట. రికార్డు మీద వేలి గోరంత గీత కూడా లేదు! పాత రికార్డు మీది గీతల చప్పుడుని కూడా కలిపి కొత్త ప్లాస్టిక్ మీద అచ్చేశారన్నమాట. పైగా తాళం శబ్దాలు ఎంపీత్రీలో విన్నట్టు చప్పగా, నీళ్ళ చప్పుడులాగా ఉన్నాయి. ఆ తర్వాత నుంచి కొనేముందు డిస్కాగ్స్‌లో (రికార్డుల వివరాలు, అమ్మకాలు ఉండే వెబ్‌సైట్) ఆ ఎడిషన్ పేజీ తీసి చూస్తాను. దొంగ ప్రెస్సింగులకు అక్కడ 'అనధికారిక' అని గుర్తు ఉంటుంది, ఆ సైట్లో వాటిని అమ్మనివ్వరు. చివరి గాడికీ లేబుల్ కాగితానికీ మధ్యనున్న నున్నటి జాగాలో గీసిన అక్షరాలు, నంబర్లు కూడా ఆ పేజీలో ఉన్నవాటితో సరిపోవాలి. అమ్మేవాణ్ణి అక్కడి ఫొటో అడుగు. పంపనంటే వదిలెయ్.

ఇక ఈ తరహా సంగీతానికే ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి, వీటి గురించి రాక్ రికార్డులు కొనేవాళ్ళు నీకు చెప్పరు.

మొదటిది నడిమి చిల్లు. రికార్డు చిల్లు ఒక వెంట్రుకవాసి పక్కకు పడినా, తిరిగేటప్పుడు స్వరం పైకీ కిందకీ ఊగుతుంది. గిటారు, డ్రమ్స్ హోరులో అది తెలియదు. ఇక్కడ ఒకే సింథ్ స్వరం పది సెకన్లు కదలకుండా నిలబడుతుంది. తంబూరా శృతి జారినట్టు వెంటనే చెవికి తగులుతుంది. రికార్డు తిరుగుతున్నప్పుడు ముల్లున్న తలకాయని పైనుంచి చూడు. ప్రతి చుట్టుకీ ఎడమకీ కుడికీ ఊగుతుంటే చిల్లు పక్కకు పడ్డట్టే. కొంచెం ఊగడం మామూలే. వినబడేంత ఊగితే వెనక్కి పంపు. ఇంకో సంగతి, ఇంట్లో క్యాసెట్టు మీద రికార్డు చేసిన పాటల్లో ఆ ఊగడం అసలు పాటలోనే ఉండొచ్చు. అదే పాటని డిజిటల్లో విని పోల్చుకున్నాకే అమ్మకందారుతో గొడవ పెట్టుకో. నేనొకసారి పోల్చకుండా గొడవ పడి నవ్వులపాలయ్యాను.

రెండోది నిశ్శబ్దం. మినిమల్ సింథ్‌లో వాయించేది తక్కువ, ఖాళీ ఎక్కువ. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉన్న సందులో చిన్న 'టిక్' కూడా వినబడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో 'వీజీ' (వెరీ గుడ్) అని గ్రేడు వేసిన రికార్డు ఘంటసాల పాటలకు పనికొస్తుందేమో గానీ దీనికి పనికిరాదు. కనీసం 'వీజీ ప్లస్' చూడు.

బేస్ సంగతి కూడా ఒక ముక్క. లావు బేస్ గాడికి జాగా ఎక్కువ కావాలి. పన్నెండంగుళాల రికార్డు 33 వేగంతో (నిమిషానికి అన్ని చుట్లు) అయితే ఒక్కో వైపు ఇరవై నిమిషాల లోపుంటే మంచిది. అది దాటేకొద్దీ బేస్ తగ్గించో, మొత్తం సౌండ్ తగ్గించో కట్ చేయాలి. నాలుగు పాటలే ఉన్నా 45 వేగం పన్నెండంగుళాలది దొరికితే అదే తీసుకో. ఒరిజినల్ కొనమని నేను చెప్పేది కూడా ఇక్కడే. క్లబ్బుల కోసం పెద్ద సంఖ్యలో అచ్చేసిన ఎనభైల నాటి పన్నెండంగుళాల సింగిల్స్ ఉన్నాయి, 1983 నాటి న్యూ ఆర్డర్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ పాట 'బ్లూ మండే' లాంటివి. లక్షల్లో అమ్ముడుపోయాయి కాబట్టి ఒరిజినలే ఇప్పటికీ అందుబాటు ధరలో దొరుకుతుంది, గట్టిగా కట్ చేసి ఉంటుంది. వాటికి రీఇష్యూ అక్కర్లేదు.

నువ్వు సింథ్‌వేవ్ అని కూడా రాశావు. అది వేరే లెక్క. పర్టర్బేటర్, కార్పెంటర్ బ్రూట్ లాంటివాళ్ళు 2010ల మనుషులు. ఎనభైల హారర్ సినిమా సంగీతం మీద ప్రేమతో కంప్యూటర్లో చేసినవి అవి. వాటికి పాత టేపు అంటూ ఏమీ లేదు, డిజిటల్ ఫైలే అసలు. అందుకని మొదటి ప్రెస్సింగా, మూడో ప్రెస్సింగా అనేదాంతో సౌండ్‌కి పెద్ద సంబంధం లేదు. చవగ్గా దొరికింది కొనుక్కో. 'లిమిటెడ్' అనే మాట చూసి టెన్షన్ పడొద్దు. బాగా అమ్ముడైనవాటిని మళ్ళీ అచ్చేస్తారు. బెలారస్‌లోని మిన్స్క్ వాళ్ళు మోల్చాట్ దోమా ఉన్నారు కదా. 2018 ఆల్బమ్‌ని మొదట బెర్లిన్‌లో డెట్రిటి అనే చిన్న లేబుల్ వేసింది. వాళ్ళకి పేరొచ్చాక 2020లో సేక్రెడ్ బోన్స్ అనే లేబుల్ మళ్ళీ వేసింది. మధ్యలో ఎగబడి కొన్నవాళ్ళు డబ్బు తగలేసుకున్నట్టే. (ఆ పేరుకి రష్యన్‌లో 'ఇళ్ళు మౌనంగా ఉన్నాయి' అని అర్థం. మా ఆవిడ మాత్రం 'దోమా' అని విని మస్కిటో కాయిల్ వెలిగించింది.)

రంగు రికార్డులు: ఒకే రంగు, కలపకుండా ఉన్నదైతే నల్లదానితో సమానంగానే ఉండొచ్చు. రంగులు చల్లినవి, చీకట్లో మెరిసేవి, బొమ్మ అచ్చేసిన పిక్చర్ డిస్కులు చప్పుడు ఎక్కువ చేస్తాయి. నిశ్శబ్దం గురించి పైన చెప్పాను కదా, అందుకని వద్దంటున్నా. 180 గ్రాముల బరువు అని స్టిక్కర్ వేసి అమ్మేదాన్ని కూడా పట్టించుకోవద్దు. బరువుకీ గాడికీ సంబంధం లేదు. షిప్పింగ్ ఖర్చు మాత్రం పెరుగుతుంది.

ఇప్పుడు మన ఎండలు. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన సమాధానం, చివరికి మిగిలింది. రికార్డు ప్లాస్టిక్ అరవై డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. గదిలో నలభై రెండున్నా రికార్డుకి ఏమీ కాదు, నిలబెట్టి పెడితే చాలు. ప్రమాదమంతా దారిలోనే. మే నెలలో మూసిన వ్యాన్‌లో, రేకుల షెడ్డు కింద అరవై దాటడం ఎంతసేపు? మార్చిలో వస్తుందన్న ప్రీ ఆర్డర్ ఒకటి ఆలస్యమై నాకు మే చివర్లో చేరింది. రేణిగుంట దాటి ఊళ్ళోకి రావడానికి నాలుగు రోజులు పట్టింది. అట్ట తీస్తే లోపల మూకుడులాగా వంగిన రికార్డు.

వెధవ ధైర్యం చేసి దాన్ని ఆరు మిల్లీమీటర్ల అద్దాలు రెండింటి మధ్య పెట్టి, మిద్దె మీద ఎండలో ఉంచాను. యూట్యూబ్‌లో చూశాలే. సాయంత్రానికి చదునైంది. సంతోషంగా కిందికి తెచ్చి ముల్లు పెడితే హై హ్యాట్ (డ్రమ్స్‌లోని చిన్న తాళాలు) చప్పుడు మాయం! వేడికి సన్నటి గాడులు నలిగిపోయాయి. వంగి ఉన్నప్పుడే నయం, ఊగుతూనైనా పాడేది. ఆ రికార్డు ఇప్పుడు షాపులో గోడకి తగిలించా. గడియారం ముళ్ళు పెట్టమని మా అసిస్టెంట్ పోరుతున్నాడు.

కాబట్టి కార్తీకం వానలు తగ్గాక మొదలుపెట్టి శివరాత్రి లోపు తెప్పించుకో. ఒకేసారి రెండు మూడు కలిపి ఆర్డర్ చేస్తే ఒక్కోదాని మీద షిప్పింగ్ తగ్గుతుంది. బయటి దేశం నుంచి వచ్చే పార్సిల్ మీద కస్టమ్స్ సుంకం పడుతుంది. అది లెక్కలో వేసుకోకుండా ధర చూసి మురిసిపోకు. రికార్డుని అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనక విడిగా పెట్టి పంపమని అమ్మేవాడికి ఒక ముక్క రాయి. లేకపోతే దారిలో కుదుపులకి రికార్డు అంచు అట్టని చీల్చేస్తుంది. ఇంట్లో పడమటి గోడకి ఆనించొద్దు, కింది అరలో పెట్టొద్దు. 2021 నవంబరు వరదల్లో మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. కింది అరలోని నలభై రికార్డులు తడిశాయి. రికార్డులకేమీ కాలేదు, కడిగితే పాడాయి. అట్టలు మాత్రం ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. ఇప్పుడవన్నీ తెల్ల కాగితం కవర్లలో ఉన్నాయి, పైన పెన్నుతో పేర్లు రాసుకున్నా.

కడగడానికి బోరు నీళ్ళు వాడొద్దు. మన నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక గాడిలో తెల్లగా మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్, అందులో ఒక్క చుక్క డిష్ వాష్ లిక్విడ్, మెత్తటి బట్ట, గాడి వెంబడే తుడవడం. మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి. స్పిరిట్ వాడేవాళ్ళున్నారు. మీ ఇంట్లో తాతల నాటి 78 వేగం రికార్డులుంటే వాటికి మాత్రం స్పిరిట్ తగలనివ్వకు, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

ప్లేయర్ గురించి. సూట్‌కేస్ ప్లేయర్లలో సాధారణంగా సిరామిక్ కార్ట్రిడ్జి (ముల్లు బిగించి ఉండే భాగం) ఉంటుంది, అది రికార్డుని గట్టిగా నొక్కుతుంది. ఎంత నొక్కేదీ మార్చుకునే వీలుండదు. మంచి కార్ట్రిడ్జికి రెండు గ్రాములు చాలు, ఆడియో టెక్నికా వీఎం95ఈ దానికి సరిగ్గా అంతే. పైగా ఆ పెట్టెలో స్పీకర్లు ముల్లు పక్కనే ఉంటాయి. నువ్వు వినే బేస్‌కి పెట్టె అదిరి ముల్లు గాడి దాటుతుంది. కార్ట్రిడ్జి మార్చుకోగలిగినది, బరువు సరిచేసుకోగలిగినది ఒకటి పదహారు నుంచి ఇరవై వేల మధ్య చూసుకో. బెల్టుదైతే మన వేడికి మూడు నాలుగేళ్ళకి బెల్టు సాగుతుంది, వేగం తగ్గి పాట నిద్రపోతున్నట్టు వినబడుతుంది. బెల్టు మార్చడం పది నిమిషాల పని. ప్లేయర్ పోయిందనుకుని పారేయకు.

మిగిలిన పది వేల చిల్లరతో ఏం కొనాలని అడగలేదు గానీ చెబుతా. చరణ్‌జిత్ సింగ్ రాగాల రికార్డు రీఇష్యూ. బొంబాయి సినిమా వాద్యకారుడాయన. 1982లో రోలాండ్ 808 డ్రమ్ మెషీన్, 303 బేస్ మెషీన్, జూపిటర్ 8 సింథ్ పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలు డిస్కో తాళంలో వాయించాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో బాంబే కనెక్షన్ లేబుల్ మళ్ళీ వేశాక ప్రపంచమంతా యాసిడ్ హౌస్‌కి (అదే 303 చప్పుడు మీద పుట్టిన క్లబ్ సంగీతం) ముందే ఇదేంటని నోరెళ్ళబెట్టింది. అందులో మాల్కౌన్స్, అంటే మన హిందోళం, రాత్రి పదకొండు తర్వాత లైటార్పి విను. రెండోది ఎన్ఐడీ టేప్స్. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ కంపెనీ సింథ్ ఒకటి బిగించి వెళ్ళాడు. 1972 దాకా అక్కడ మనవాళ్ళు చేసిన ప్రయోగాల టేపులు 2023లో రికార్డుగా వచ్చాయి. పాటలు కావు, శబ్దాలు. నీకు చీకటే కావాలంటే ఇంతకన్నా చీకటి దొరకదు. మూడోది నువ్వు చెప్పిన ఆ 1982 రికార్డు రీఇష్యూ.

దాని వెనక అట్ట ఫొటో, లేబుల్ దగ్గరి అక్షరాల ఫొటో ఇక్కడే పెట్టు. దేని నుంచి కట్ చేశారో చూసి చెబుతా. ఈలోపు ఆ సూట్‌కేస్ ప్లేయర్ మీద కొత్త రికార్డేదీ పెట్టకు. దాన్ని అమ్మమ్మగారి సుప్రభాతానికి ఇచ్చెయ్.